బడి సీటు వైన్‌షాపు లైసెన్సు కాదు

పోయిన వేసవిలో ఒక డ్రా చూశాను. ఏ ఆఫీసో, ఏ పథకమో ఇక్కడ అనవసరం. టేబుల్ మీద నీలం బకెట్టు, అందులో నాలుగు మడతలేసిన చీటీలు. చుట్టూ పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, గోడకు ఆనుకుని నిలబడ్డ తండ్రులు. పసిచేయి అయితే ఎవరికీ అనుమానం రాదని, ముందు వరుసలో ఉన్న ఓ పిల్లను పిలిచి స్టూలు ఎక్కించారు. రెండు పిలకలు, కాళ్లకు చెప్పుల్లేవు. ఒక్కో చీటీ తీసి సారు చేతికిస్తోంది. ఆయన పేరు చదువుతున్నాడు. ఎవరో ఒకరు చేయెత్తుతున్నారు. సీట్లు అయిపోయాయి. బకెట్టులో సగానికి పైగా చీటీలు ఇంకా అలాగే ఉన్నాయి, వాటిలో ఆ పిల్లదీ ఒకటి. తన చేత్తోనే అందరికీ సీట్లు పంచి, స్టూలు దిగి, తల్లి పక్కకెళ్లి నిలబడింది.

"అందరూ చూసిన్రు కదా, ఎవరికీ అన్యాయం జరగలే" అన్నాడు సారు.

"అవు సార్, న్యాయంగనే పోయింది మా పిల్ల సీటు" అంది తల్లి. ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకుంది. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయినప్పుడు డ్రా తీయడమే న్యాయమన్నది ఈ రోజుల్లో దాదాపు అందరూ ఒప్పుకున్న మాట. ఆఫీసర్లే కాదు, చదువుకున్నవాళ్లు, పైరవీలంటే మండిపడేవాళ్లు కూడా ఇదే అంటారు. వాళ్ల మాటలో బలం లేకపోలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో ఎంపీకి ఏటా 10 మంది పిల్లల పేర్లు సిఫారసు చేసే కోటా ఉండేది. దాన్ని 2022లో తీసేశారు. మంచి పనే. సిఫారసు లెటరు కంటే చీటీ నయం, కవర్లో పెట్టిచ్చే నోట్లకంటే కంప్యూటర్ లాటరీ నయం. మూడేళ్ల పిల్లకు పరీక్ష పెట్టి ఏబీసీడీలు చెప్పించుకోవడం కంటే లక్కీ డిప్ వెయ్యి రెట్లు నయం. ఇంతవరకు నాకూ పేచీ లేదు.

డ్రా పైరవీని ఆపుతుంది, కొరతను మాత్రం ఆపదు. ఆపకపోగా దానికి మర్యాద తొడుగుతుంది. సీటు రాని తల్లి మొన్నటిదాకా "ఎందుకు రాలేదు?" అని అడిగేది. ఇప్పుడు ఆమె చేతికి జవాబు ముందే ఇచ్చేశాం: అదృష్టం లేదు. అదృష్టం మీద ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?

మన ఊళ్లలో చిట్టీ ఎరగనివాళ్లుండరు. ఇరవై మంది కలిసి వేసుకున్న చిట్టీలో డ్రా తీస్తే ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఇంకొకరికి. ఆఖరి నెలకు అందరికీ ముడుతుంది. అక్కడ డ్రా తేల్చేది ఎవరి వంతు ముందు, ఎవరిది వెనక అన్నదే. అందుకే చిట్టీలో డ్రాను ఎవరూ అన్యాయమనరు. బడి డ్రా సంగతి వేరు. మూడేళ్ల పిల్లకు ఈ ఏడు సీటు రాకపోతే వచ్చే ఏడుకు ఆమెకు నాలుగేళ్లు, ఆపై ఐదు. వెయిటింగ్ లిస్టులో ఆమె పేరు కదిలేలోపే ఆమె ఆ వయసు దాటిపోతుంది.

డ్రా అంటే మన కలెక్టరేట్లలో ఇంకోటి కూడా జరుగుతుంది, వైన్‌షాపులది. 2023లో తెలంగాణలో 2,620 షాపులకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు అప్పుడు 2 లక్షల రూపాయలు, షాపు రాకపోతే తిరిగివ్వరు. అక్కడ డ్రా సబబే. షాపులు ఇన్నే ఉండాలని సర్కారు కావాలనే గిరి గీసింది, షాపు ఎవరికీ హక్కు కాదు, రానివాడికి పోయేది వ్యాపారమే. మరి పసిపిల్ల చదువునూ అదే పద్ధతిలో పంచడానికి మనకు మనసెట్లా వస్తోంది? మద్యానికి గీసిన గిరే పలకకూ గీశామన్నమాట.

మాది సంగారెడ్డి పక్కన ఇస్మాయిల్‌ఖాన్‌పేట. బయటివాళ్లకు దుర్గాభవాని గుడితో తెలిసిన ఊరు. పొద్దున్నే ఊరి నుంచి బయల్దేరే మనుషుల్ని చూస్తే ఈ ఫ్యాక్టరీల బెల్ట్ బతుకు అర్థమవుతుంది. సంగారెడ్డి దాకా ఆటో, అక్కడి నుంచి కంపెనీ బండి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాక్టరీల్లో ఏ షిఫ్టు పొద్దున ఆరుకు, ఏ షిఫ్టు మధ్యాహ్నం రెండుకు, ఏది రాత్రి పదికి అన్నది ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆ లెక్కనే అమ్మ ఇంట్లో ఉంటుందో లేదో వాళ్లకు తెలిసేది.

ఇక్కడి తల్లిదండ్రుల ముందున్న తలుపులు చూడండి. మొదటిది కేంద్రీయ విద్యాలయం. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ దగ్గర ఒకటుంది, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఇంకొకటి. కేంద్రీయ విద్యాలయాల్లో డ్రా అందరికీ ఒకేసారి తీయరు. సాధారణంగా ముందు వరుస కేంద్ర ఉద్యోగుల పిల్లలది, తర్వాత ఇంకో వరుస, ఆ తర్వాత మరొకటి. ఏ సర్కారు కొలువూ లేని జనం ఆఖర్న. విద్యాహక్కు చట్టం కింద పక్కన పెట్టే 25 శాతం సీట్లు లేకపోతే గోడ పక్కనున్న కూలీ బిడ్డ లోపలికి తొంగిచూడ్డం కూడా కష్టమే. డ్రా కళ్లకు గంతలు కట్టుకుంటుందంటారు. వరుసలు కట్టేటప్పుడు మాత్రం కళ్లు బాగానే తెరిచి ఉంటాయి.

రెండోది 'బెస్ట్ అవైలబుల్ స్కూల్' పథకం. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని లక్కీ డ్రాలో ఎంపిక చేసి, ఫీజు సర్కారే కట్టి ప్రైవేటు బడిలో చేర్పిస్తుంది. పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. అందుబాటులో ఉన్న మంచి బడి తనది కాదని సర్కారే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టుంది కదా! చీటీలో పేరొచ్చినవాడికి మంచి బడి దొరికిందంటే, రానివాడికి దొరికిందేమిటి?

మూడోది ప్రైవేటు బడుల్లో 25 శాతం. 2009 విద్యాహక్కు చట్టం 12(1)(సి) ప్రకారం బడి చుట్టుపక్కల ఉండే పేద పిల్లలకు ఆ సీట్లివ్వాలి. బడిలో నర్సరీ ఉంటే నర్సరీ నుంచే ఇవ్వాలని ఆ సెక్షన్ కిందే రాసి ఉంది. సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో దీన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఒకటో తరగతికి ఈ సీట్లు లాటరీలో నింపుతున్నారు. మన తెలంగాణలో ఆ సెక్షన్ ఏళ్లతరబడి కాగితం మీదే పడుకుంది. ఇన్నేళ్లూ మనకు డ్రా భాగ్యం కూడా లేదన్నమాట.

ఇంతా చేసి బకెట్టులో చీటీ పడాలంటే ముందు దరఖాస్తు పడాలి. నోటిఫికేషన్ వచ్చిందని తెలియాలి. ఫోన్‌కు ఓటీపీ రావాలి. ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, ఈ ఊళ్లోనే ఉంటున్నట్టు రుజువు కావాలి. పటాన్‌చెరు పక్కన ఇస్నాపూర్‌లో రేకుల గదిలో కిరాయికున్న మనిషికి ఓనర్ అగ్రిమెంటు రాసిస్తాడా? రాసిస్తే ఇంటిపన్ను మీదికొస్తుందని భయం. ఓ తండ్రి నాతో అన్నాడు: "సార్, కరెంటు బిల్లు ఓనర్ పేరు మీదుంటది, ఆధార్ మా ఊరి పేరు మీదుంటది, నేను మాత్రం ఈడుంట." కాబట్టి అందరికీ సమాన అవకాశం అన్న మాటను చీటీ వేయగలిగిన అందరికీ అని సరిచేసుకోవాలి. చీటీ కూడా వేయలేనివాడి పేరు ఓడినవాళ్ల లెక్కలోనూ ఉండదు.

ఇక్కడ నాకో మిత్రుడు అడ్డుపడతాడు. చదువుకున్నవాడు, మంచివాడే. "సీట్ల కొరత అని గోల చేస్తున్నావు, అంగన్‌వాడీలు ఖాళీగా ఉన్నాయి కదా, అక్కడ డ్రా లేదు, వెయిటింగ్ లిస్టూ లేదు. రాష్ట్రంలో 35,700 సెంటర్లున్నాయి. పంపనిది తల్లిదండ్రులే" అంటాడు.

సగం నిజం. అంగన్‌వాడీకి డ్రా లేకపోవడం దాని గొప్పతనం. అంగన్‌వాడీలు నడిపే పథకం, 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్, ఈ దేశంలో చిన్నపిల్లను ఏ చీటీ అడగకుండా లోపలికి రానిచ్చిన ఒకే ఒక్క సర్కారు గడప. వచ్చిన పిల్లకు అన్నం, గుడ్డు పెడుతుంది. కానీ 'ఖాళీ' అన్నప్పుడు ఎక్కడ ఖాళీ అని అడగాలి. సెంటర్లు పాత జనాభా లెక్కతో పుట్టాయి. దేశంలో ఆఖరి జనగణన 2011లో. ఆ తర్వాతే కదా ఈ బెల్ట్ ఉబ్బింది! పిల్లలు వెళ్లిపోయిన ఊళ్లో సెంటర్ ఉంది, పిల్లలు వచ్చిపడ్డ బస్తీలో సెంటర్ లేదు. రెండూ కూడి సగటు తీస్తే కొరత కనపడదు.

కొల్లూరు తీసుకోండి, మన జిల్లాదే. 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం సముదాయంలో 15,660 ఇళ్లు. ఇంటికి నలుగురనుకున్నా, అన్నీ నిండితే 62 వేలు దాటే జనం. అంగన్‌వాడీకి కేంద్రం పెట్టిన కొలత 400 నుంచి 800 మందికి ఒక సెంటర్. ఆ లెక్కన ఒక్క కొల్లూరు గోడల మధ్యనే తక్కువలో తక్కువ 78 సెంటర్లు ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడు లిఫ్టు, పార్కింగ్, డ్రైనేజీ లెక్క చూస్తాం. ఇంటితోపాటు వచ్చే మూడేళ్ల పిల్ల లెక్క ఏ ఇంజనీరు చూశాడు? ఇంకో చిత్రం: ఆ ఇళ్లూ డ్రాలో వచ్చినవే. ఒక డ్రాలో గెలిచి ఇల్లు మారిన కుటుంబం, పిల్ల బడి కోసం ఇంకో డ్రా ముందు నిలబడాలి.

ఇక పంపకపోవడం సంగతి. సెంటర్ తొమ్మిదికి తెరుస్తారు, సాయంత్రం నాలుగుకల్లా తాళం వేస్తారు. పొద్దున ఆరు షిఫ్టుకు ఐదింటికే ఇల్లు వదిలే తల్లి పిల్లను ఎవరి చేతిలో పెట్టాలి? మధ్యాహ్నం రెండు షిఫ్టు తల్లి నాలుగుకు వచ్చి ఎట్లా తీసుకుపోవాలి? ఒక టీచరమ్మ, ఒక ఆయా. బాలామృతం పంచాలి, గర్భిణులకు ఆరోగ్యలక్ష్మి భోజనం పెట్టాలి, బరువులు తూచాలి, ఫోన్లో యాప్ నింపాలి, ఎన్నికలొస్తే ఓటరు లిస్టు పట్టుకుని తిరగాలి. మిగిలిన టైములో చదువు. అవతల పక్క సందులో ప్రైవేటు ఎల్‌కేజీ వ్యాను హారన్ కొడుతుంది. తల్లి ఆ బడికి కట్టేది ఇంగ్లీషు కోసమని అందరూ అంటారు. నా చూపులో ఆమె ముందుగా కొనేది ఆ వ్యాన్‌ని, ఆ వ్యాను ఇచ్చే గంటల్ని.

ఫ్యాక్టరీలకు బాధ్యత లేదా అంటే, చట్టంలో ఉంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరణ 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ ఆ బాధ్యత పెట్టింది. ఈ బెల్ట్‌లో గేటు దగ్గర వాచ్‌మన్‌ను "మీ కంపెనీలో పిల్లల గది ఎక్కడ?" అని అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు.

అన్నిటికంటే నన్ను మండించే వాదన ఇంకోటుంది. "వాళ్లు వలస వచ్చినవాళ్లు, ఇవాళుంటారు రేపు పోతారు. ముందు లోకల్ వాళ్లకు ఇవ్వాలి కదా?" చుట్టుపక్కల పిల్లలకే ముందు సీటన్నది నా వాదన కూడా. పేచీ అంతా చుట్టుపక్కల అంటే ఎవరన్న దగ్గరే. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. పనిలో లోకల్, చావులో లోకల్, పిల్లల సీటు దగ్గరికొచ్చేసరికి పరాయివాళ్లా? విద్యాహక్కు చట్టంలో 'నైబర్‌హుడ్' అన్న మాట పుట్టిన ఊరి గురించి కాదు, ఇవాళ పిల్ల నిద్రపోయే ఇంటి గురించి. రేపు ఆ కుటుంబం పోతే ఇంకో కుటుంబం అదే గదిలోకి వస్తుంది. మనుషులు మారతారు గానీ ఆ గదిలో మూడేళ్ల పిల్ల ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది.

ఆ గదుల్లో సీటు రాని పిల్ల ఏమవుతుందో చెప్తాను. మా వైపు ఓ ఇంట్లో చూశాను. తల్లి ప్యాకింగ్‌లో, తండ్రి లోడింగ్‌లో. చిన్నదానికి మూడేళ్లు, పెద్దదానికి తొమ్మిది. పెద్దది చెల్లిని చంకనేసుకుని, ఇంకో చేత్తో గిన్నెలో మరమరాలు పట్టుకుని, గడపలో కూర్చునుంది. స్కూలు బ్యాగు మేకుకు వేలాడుతోంది. "బడికి పోలేదా బిడ్డా?" అంటే "అమ్మ డ్యూటీ" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. డ్రాలో ఓడింది ఒక పిల్లని రిజిస్టర్ చెప్తుంది. ఆ ఇంట్లో ఓడింది ఇద్దరు. రెండోదాని పేరు ఏ బకెట్టులోనూ లేదు.

ఇంత చిన్న పిల్లలకు బడెందుకు, అమ్మమ్మ దగ్గర ఆడుకుంటారు కదా అనే పెద్దమనుషులకు జవాబు కూడా ఆ గడపలోనే ఉంది. అమ్మమ్మ బీహార్‌లో మధుబనిలో ఉంది, లేదా నారాయణఖేడ్‌లో ఎవరి చేన్లోనో కూలికి పోయింది.

చట్టం ఈ పిల్లల్ని ఎక్కడ వదిలేసిందో కూడా చూడాలి. రాజ్యాంగం పాత 45వ అధికరణం పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత విద్య అంది. కింద ఏ వయసు గీతా గీయలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీద నడిచిన కేసే, సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు చదువు హక్కేనంది. 2002లో 86వ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలోకి ఎక్కిస్తూ 'ఆరు నుంచి పద్నాలుగు' అని రాసింది. ఆరుకు కిందున్నవాళ్లకు రాజ్యం 'ప్రయత్నిస్తుంది' అన్న మాట మిగిల్చింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ ఇంకో మెట్టు దిగి, ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అంది. 2013 ఆహార భద్రత చట్టంతో అంగన్‌వాడీలో అన్నం హక్కయింది. పలక ఇంకా దయే. దయను ఎలా పంచినా అడిగేవాడుండడు కాబట్టే చీటీలతో పంచుతున్నాం.

బయట కొందరు ఇంకోలా చేశారు. జర్మనీలో 2013 ఆగస్టు 1 నుంచి ఏడాది నిండిన ప్రతి పిల్లకూ శిశు సంరక్షణ కేంద్రంలో చోటు చట్టపరమైన హక్కు. లైప్‌జిగ్‌లో చోటు దొరక్క ఉద్యోగానికి తిరిగి వెళ్లలేకపోయిన తల్లులు కోర్టుకెక్కారు. నగరపాలిక తప్పు వల్ల చోటు దొరక్కపోతే, పోయిన జీతానికి పరిహారం అడగొచ్చని 2016 అక్టోబర్‌లో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు చెప్పింది. అక్కడా కొరత పోలేదు. కానీ కొరత ఖర్చు నగరపాలిక నెత్తిన పడే వీలొచ్చింది. మన దగ్గర ఆ ఖర్చు తొమ్మిదేళ్ల అక్క చంకన పడుతోంది.

డబ్బులెక్కడివి అని అడిగేవాళ్లు వైన్‌షాపుల లెక్క మళ్లీ చూడండి. 2023లో ఒక్క సీసా అమ్మకముందే, దరఖాస్తు ఫీజుల మీదే 2,600 కోట్లు దాటి వచ్చింది. అందులో ఎక్కువ భాగం డ్రాలో ఓడినవాళ్లది.

సిద్దిపేట ఇందిరానగర్ జిల్లా పరిషత్ హైస్కూల్లో సీట్లు లేవని బోర్డు పెట్టినప్పుడు పత్రికలు మురిసిపోయి రాశాయి. సర్కారు బడికి ఇంత గిరాకీయా అని నేనూ మురిశాను. తర్వాత ఆలోచిస్తే ఆ బోర్డు చూసి వెనక్కెళ్లిన పిల్లల సంగతి ఎవరూ రాయలేదనిపించింది. హోటల్లో టిఫిన్ అయిపోయిందంటే ఓనర్ రేపు ఇంకో రెండు కిలోల పప్పు నానబోస్తాడు. బడి నిండిందంటే ఇంకో బడి పెట్టాలని మనకెందుకు తోచదు?

కాబట్టి వెయిటింగ్ లిస్టును నేను చూసే చూపు వేరు. అది బతిమాలుకునేవాళ్ల క్యూ కాదు, సర్కారు బాకీ పత్రం. అలా చదవడానికి ఆధారం కూడా ఉంది. ఆహార హక్కు కేసులో 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. పల్లెలోగానీ మురికివాడలోగానీ, ఒక నివాస ప్రాంతంలో ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివాళ్లు అడిగిన మూడు నెలల్లోపు పెట్టాలి. అందులో డ్రా మాట లేదు, అదృష్టం మాట లేదు, ఎవరు ఏ రాష్ట్రంవాళ్లన్న మాట లేదు. పిల్లల్ని లెక్కపెట్టమంది, అంతే.

సెంటర్ ఉండీ కిక్కిరిసిన చోట ఈ ఉత్తర్వు నేరుగా పనికిరాదు. అక్కడ 800 జనాభా కొలత పట్టుకుని ఇంకో సెంటర్ అడగాలి, షిఫ్టు గంటలకు తెరిచే సెంటర్ అడగాలి. కానీ సెంటరే లేని కిరాయి గదుల వరుసలు, లేబర్ కాలనీలు ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి బొల్లారం దాకా మీ కళ్ల ముందే ఉన్నాయి. వచ్చే ఆదివారం ఒక నోటుబుక్కు పట్టుకుని మీ గల్లీలో తిరగండి. పిల్ల పేరు, వయసు, ఇవాళ ఉంటున్న గది, తల్లి షిఫ్టు రాసుకోండి. నలభై పేర్లు అయ్యాక కింద సంతకాలు పెట్టించి, 2006 డిసెంబర్ 13 ఉత్తర్వు అని పైన రాసి, అంగన్‌వాడీలు చూసే సీడీపీవో ఆఫీసులో ఇచ్చి రసీదు అడగండి. రసీదు మీద తేదీ ఉండేలా చూసుకోండి. మూడు నెలల గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది.